లోపలికి పోని పేజీ, బయటికి రాని పేజీ: మీడియావికీలో ఫైల్ క్యాష్

(వికీ నిర్వాహకుల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మేం కొందరం మిత్రులం కలిసి ఒక సామెతల వికీ నడుపుతున్నాం. సామెతకొక పేజీ. ఆ సామెతను ఏ ఊళ్ళో ఎలా అంటారు, ఏ సందర్భంలో వాడతారు, ఎవరి నోట విన్నాం అన్నవి అందులో ఉంటాయి. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. కింద నడిచే సాఫ్ట్‌వేర్ మీడియావికీ, తెలుగు వికీపీడియా నడిచేది కూడా దాని మీదే. తేడా అంతా సర్వరులో ఉంది. మాది ఒక్క గిగాబైటు మెమరీ ఉన్న చిన్న యంత్రం.

ఒక ఉగాది నాడు ఎవరో మా పేజీ లంకెను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. పొద్దున తొమ్మిదయ్యేసరికి వికీ పడిపోయింది. వచ్చినవాళ్ళు లక్షల్లో ఏమీ లేరు. కానీ వచ్చిన ప్రతివాళ్ళ కోసమూ పీహెచ్‌పీ, అంటే మీడియావికీ కోడును నడిపే ప్రోగ్రాం, నిద్రలేచి, డేటాబేసు నుంచి పేజీ పాఠం తెచ్చుకుని, అందులోని మూసలన్నీ, అంటే చాలా పేజీల్లో తిరిగి వాడుకునే ముక్కలన్నీ, విప్పి, హెచ్‌టీఎంఎల్ తయారుచేసి, చుట్టూ పక్కపట్టీ, పైపట్టీ అతికించి పంపుతోంది. అందరూ అడుగుతున్నది ఒకే పేజీ. వండిందే మళ్ళీ మళ్ళీ వండుతోంది.

టిఫిన్ సెంటరు చూడండి. దోసె అడిగినప్పుడే పోస్తారు. ఇడ్లీ మాత్రం ఒక వాయి దించి హాట్ బాక్సులో పెట్టుకుంటారు, అడగ్గానే ప్లేటులోకి వచ్చేస్తుంది. ఫైల్ క్యాష్ చేసేది ఆ హాట్ బాక్సు పనే. పేజీని ఒకసారి పూర్తిగా తయారుచేసి, పక్కపట్టీతో సహా డిస్కు మీద ఒక ఫైలుగా రాసి పెట్టుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్ళకు ఆ ఫైలు తీసి ఇచ్చేస్తుంది. మూసలు విప్పే పని లేదు, పాఠం కోసం డేటాబేసును కదిలించే పని లేదు.

ఇక్కడొక పాత సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. 2001 జనవరిలో వికీపీడియా మొదలైనప్పుడు అది యూజ్‌మాడ్ వికీ అనే పెర్ల్ ప్రోగ్రాం మీద నడిచింది. అందులో పేజీలు డేటాబేసులో ఉండేవి కావు, మామూలు ఫైళ్ళలోనే ఉండేవి. 2002 జనవరిలో మాగ్నస్ మాన్‌స్కే పీహెచ్‌పీలో రాసిన కొత్త ప్రోగ్రాం వచ్చింది, పేజీలు మైఎస్‌క్యూఎల్‌లోకి మారాయి. రద్దీ తట్టుకోలేక అదే ఏడాది లీ డేనియల్ క్రాకర్ మళ్ళీ తిరగరాశారు. మీడియావికీ అన్న పేరు ఆ తర్వాత, 2003లో వచ్చింది. మన తెలుగు వికీపీడియా కూడా 2003 డిసెంబరులోనే మొదలైంది. అంటే ఫైళ్ళను వదిలి డేటాబేసుకు వెళ్ళిన సాఫ్ట్‌వేరే బరువు మోయడానికి మళ్ళీ ఫైళ్ళ దగ్గరికి వచ్చింది. ఈసారి ఆ ఫైళ్ళు అసలు ప్రతులు కావు, నకళ్ళు. నా ప్రసంగమంతా ఈ నకళ్ళ గురించే.

పెట్టుకోవడం తేలిక. వికీ అమరికలన్నీ ఉండే లోకల్ సెట్టింగ్స్ ఫైలు తెరవండి. తెర మీద ఉన్నది చదువుతాను. డాలర్ డబ్ల్యూజీ యూజ్ ఫైల్ క్యాష్ ఈక్వల్స్ ట్రూ. రెండో వరసలో డాలర్ డబ్ల్యూజీ ఫైల్ క్యాష్ డైరెక్టరీ, దానికి ఫోల్డరు దారి. మూడోది డాలర్ డబ్ల్యూజీ యూజ్ జీజిప్, ట్రూ. జీజిప్ అంటే ఫైలును కుదించే పద్ధతి. అంతే. ఆ ఫోల్డరులో రాసే హక్కు వెబ్ సర్వరుకు ఉండాలి. కొందరు తొందరపడి 777, అంటే ఎవరైనా రాయగలిగే హక్కు, ఇచ్చేస్తారు, వద్దు. ఫోల్డరును వెబ్ సర్వరు వాడుకరి పేరు మీదికి మార్చండి, సరిపోతుంది. వీలైతే దాన్ని వెబ్‌సైటు ఫోల్డరుకు బయట పెట్టండి. ముఖ్యంగా ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్ళకు చెబుతున్నాను. అపాచీ పాటించే హెచ్‌టీ యాక్సెస్ ఫైలును ఎన్‌జిన్‌ఎక్స్ అసలు చూడదు. దానితో తాళం వేశామనుకుంటారు, వెయ్యలేదు.

మూడో వరస దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. తెలుగు వికీకి కుదింపు ఇంగ్లీషు వికీకన్నా ఎక్కువ కలిసొస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ E0. రెండోది B0, లేదా B1. తెలుగులో ఏది రాసినా ఇంతే. మూడింటిలో రెండు బైట్లు అన్నిచోట్లా దాదాపు ఒకటే అయినప్పుడు జీజిప్‌కు పని సులువవుతుంది. పేజీ బాగా చిక్కిపోతుంది. చిన్న డిస్కు మీద, పల్లెలో బలహీనమైన సిగ్నల్ మీద చదివేవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది.

ఇవి పెట్టాం, సర్వరు తేరుకుంది, సంతోషించాం. తర్వాతే రెండు సమస్యలు వచ్చాయి. ఒకటి క్యాష్‌లోంచి బయటికి రాని పేజీ. రెండోది క్యాష్‌లోకి అసలు పోని పేజీ. రెంటిలోనూ తప్పు మాదే. రెండూ నిర్వాహకుల కంటికి కనపడనివి కాబట్టే ఇంత దూరం వచ్చి మీకు చెబుతున్నాను.

మొదటిది చెబుతాను. మా మొదటి పేజీలో "నేటి సామెత" అని ఒక పెట్టె ఉంది. తేదీని బట్టి రోజూ మారుతుంది. ఫైల్ క్యాష్ పెట్టిన వారానికి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, మూడు రోజులుగా ఒకటే సామెత పెడుతున్నారేంటి? సామెతలు అయిపోయాయా?" అన్నారు. నేను వెంటనే చూశాను. నాకు కొత్త సామెతే కనిపిస్తోంది. నా మిత్రుడికీ కొత్తదే. మీ ఫోనులో ఏదో లోపం ఉండొచ్చు అమ్మా అని చెప్పేశాను. ఆవిడకు అలా చెప్పినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

జరిగిందేమిటంటే, ఫైల్ క్యాష్ లాగిన్ కానివాళ్ళకే పనిచేస్తుంది. లాగినైన వాళ్ళ పేజీలో వాళ్ళ పేరు, వాళ్ళ వీక్షణ జాబితా ఉంటాయి కాబట్టి వాళ్ళకు ఎప్పుడూ అప్పుడే పోసిన దోసె. నిర్వాహకులం మేం రోజంతా లాగినై ఉంటాం. అంటే వికీని కాపలా కాసేవాళ్ళం మా పాఠకులు చూసే పేజీని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు నుంచి నాకొక అలవాటైంది. ఏ మార్పు చేసినా ప్రైవేట్ విండో తెరిచి, లాగిన్ కాకుండా చూస్తాను. పేజీ సోర్సు తెరిచి కింది చివరకు వెళ్తే, క్యాష్ నుంచి వచ్చిన పేజీలో "క్యాష్డ్" అన్న మాట, పక్కన పద్నాలుగు అంకెల సమయం ఒక వ్యాఖ్యగా ఉంటాయి. ఆ అంకెలు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటాయి. మన సమయం రావాలంటే వాటికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి.

ఆ పేజీ ఎందుకు బయటికి రాలేదు? మీడియావికీ ఫైల్ క్యాష్‌కు గడువు అనేది లేదు. పాలప్యాకెట్టు మీద ఉన్నట్టు ఫలానా తేదీ దాటితే పారేయాలన్న లెక్క ఉండదు. ఎవరైనా పేజీని మారిస్తే, ఆ క్షణమే దాని ఫైలు చెరిగిపోతుంది. మార్పుల చరిత్ర పేజీకి వేరే ఫైలుంటుంది, అదీ పోతుంది. తర్వాత వచ్చిన పాఠకుడి కోసం కొత్త నకలు తయారవుతుంది. నలుగురూ రాసే చోట ఇది సరైన పద్ధతి. దిద్దిన మనిషి తన దిద్దుబాటు వెంటనే లోకానికి కనపడుతుందని నమ్మి దిద్దుతాడు. ఆ నమ్మకం పోతే మళ్ళీ రాడు. కానీ మా మొదటి పేజీని ఎవరూ మార్చలేదు, తేదీ ఒక్కటే మారింది. తేదీ మారితే ఫైలు చెరపాలని క్యాష్‌కు తెలియదు.

మందు చిన్నదే. నిర్వహణ స్క్రిప్టుల్లో పర్జ్ పేజ్ అని ఒకటుంది, అది పేజీ పాత నకలును చెరిపేస్తుంది. రోజూ అర్ధరాత్రి దాటగానే మొదటి పేజీ పేరిచ్చి దాన్ని నడిపేలా, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో ఒక వరస రాశాం. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. మూసలో తేదీ కోసం కరెంట్ డే అని రాస్తే అది యూటీసీ తేదీ. మనకు పొద్దున అయిదున్నరకు గాని మారదు. అర్ధరాత్రి పర్జ్ చేస్తే పాత సామెతే మళ్ళీ క్యాష్‌లో కూర్చుంటుంది, ఇంకో రోజంతా కదలదు. సమయమండలాన్ని ఏషియా స్లాష్ కోల్‌కతా అని పెట్టి, మూసలో లోకల్ డే వాడాలి. మేం ఇది తెలుసుకునేసరికి మరో రెండు రోజులు పోయాయి.

మూసల సంగతీ ఇలాంటిదే. ఒక మూస వందల పేజీల్లో వాడుతుంటాం. దాన్ని మారిస్తే ఆ వందల పేజీల నకళ్ళు చెరగాలి. ఆ పని అప్పటికప్పుడు జరగదు, పనుల వరసలో నిలబడుతుంది. మామూలుగా ఆ వరస పాఠకులు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం కదులుతుంది. చిన్న వికీల్లో అది నత్తనడక. జాబ్ రన్ రేట్‌ను సున్నా చేసి, రన్ జాబ్స్ స్క్రిప్టును క్రాన్‌లో కొన్ని నిమిషాలకోసారి నడపండి. మొత్తం క్యాష్ ఒక్కసారే పాతబడాలంటే, పక్కపట్టీ మార్చినప్పుడు అది కావాలి, లోకల్ సెట్టింగ్స్ ఫైలును ఊరికే ఒకసారి సేవ్ చేస్తే చాలు. డిఫాల్టుగా మీడియావికీ ఆ ఫైలు మారిన సమయం చూసుకుని, అంతకు ముందు నాటి నకళ్ళన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. పట్టపగలు రద్దీలో మాత్రం ఆ పని చేయకండి. అన్ని పేజీలూ ఒకేసారి మళ్ళీ వండాల్సి వస్తుంది.

ఇప్పుడు రెండో సమస్య. నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఇదే.

క్యాష్‌ను ముందే నింపి పెట్టుకోవడానికి రీబిల్డ్ ఫైల్ క్యాష్ అని ఒక స్క్రిప్టుంది. ఒక రాత్రి నడిపాను. తెర మీద పేజీలు వరసగా దొర్లుతున్నాయి. మధ్యమధ్యలో ఎర్రటి హెచ్చరికలు. "ఫైల్ నేమ్ టూ లాంగ్." ఫైలు పేరు మరీ పొడుగు. మొదట పట్టించుకోలేదు. తర్వాత ఏ పేజీలా అని చూస్తే, మా వికీలో జనం ఎక్కువగా చదివే సామెతలు చాలా వాటిలో ఉన్నాయి.

లెక్క చూద్దాం, తెర మీద రాస్తాను. క్యాష్ ఫైలుకు పేరు పేజీ పేరు నుంచే వస్తుంది. కానీ తెలుగు అక్షరాలను అలాగే పెట్టదు. యూఆర్ఎల్‌లో చేసినట్టు ఒక్కో బైటునూ శాతం గుర్తు, రెండు అంకెలుగా మారుస్తుంది. అంటే ఒక బైటుకు మూడు అక్షరాలు. తెలుగు అక్షరానికి మూడు బైట్లు. మూడు మూళ్ళు తొమ్మిది. ఇంగ్లీషులో "ఏ" రాస్తే ఫైలు పేరులో ఒక చోటు, తెలుగులో "అ" రాస్తే తొమ్మిది. గుణింతం గుర్తుకు మరో తొమ్మిది, పొల్లుకు మరో తొమ్మిది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం రాయండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు.

లినక్సులో మనం మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైలు వ్యవస్థలో ఒక ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలి" తీసుకుందాం. గుర్తులతో కలిపి ఇరవై. ఇరవై తొమ్మిదులు నూట ఎనభై, పదాల నడుమ మూడు అండర్‌స్కోర్లు. 183. పడుతుంది. ఇప్పుడు "కందకు లేని దురద కత్తిపీటకెందుకు". మొత్తం ఇరవై ఎనిమిది. 252, మూడు అండర్‌స్కోర్లు, సరిగ్గా 255. హమ్మయ్య అనుకోకండి. వెనక చుక్క హెచ్‌టీఎంఎల్, చుక్క జీజెడ్ ఇంకా తగిలించాలి. పట్టదు. సామెతలే కాదు, "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా" అని పేజీ పెడితే పేరొక్కటే 310 అవుతుంది.

వికీ ఆ పేరును కాదనదు, అదే ఇందులో మోసం. మీడియావికీ పేజీ పేరుకు 255 బైట్లు ఒప్పుకుంటుంది. తెలుగు పేరు బైటుకు మూడింతలవుతుంది కాబట్టి ఫైల్ క్యాష్ ఒప్పుకునేది సుమారు 80 బైట్లే. ఆ రెంటి మధ్య ఉన్న పేజీలు పుడతాయి, కనపడతాయి, దిద్దుబాట్లు జరుగుతాయి, అంతా బాగానే ఉంటుంది. నకలు మాత్రం ఎన్నడూ తయారవదు. పాఠకుడికి ఏ తప్పూ చూపించదు. వచ్చినవాళ్ళందరికీ దోసె పోస్తూనే ఉంటుంది. మాకు ఎర్ర హెచ్చరికలు వచ్చింది ఆ స్క్రిప్టును చేత్తో నడిపాం కాబట్టి. లేకపోతే అవి ఎర్రర్ లాగులో పడి ఉండేవి, ఎవరూ చూసేవాళ్ళం కాదు. మీ వికీలో ఇలాంటివి ఎన్నున్నాయో తెలుసుకోవాలంటే డేటాబేసులో పేజీ టైటిల్ పొడవు 80 బైట్లు దాటినవి అడగండి. ఒక్క వరస ప్రశ్న.

ఇది ఎవరి దురుద్దేశమూ కాదు. ఆ కోడు రాసినవాళ్ళు తమ పేజీ పేర్లతో పరీక్షించి ఉంటారు, వాళ్ళకు సరిపోయింది. మన పేర్లతో పరీక్షించాల్సింది మనం. తమిళం, కన్నడం, హిందీ, బెంగాలీ, అందరికీ అక్షరానికి మూడు బైట్లే. కాబట్టి ఇది మన ఒక్కరి సమస్య కూడా కాదు.

పరిష్కారం గురించి మాలో మేం వాదించుకున్నాం. ఒక పక్షం, పేరు కుదిద్దాం అంది. "కందకు లేని దురద" అని పేజీ పెట్టి, పైన శీర్షికగా పూర్తి సామెత చూపించవచ్చు. డిస్‌ప్లే టైటిల్ అనేది ఉంది, దాని మీది నియంత్రణ తీసేస్తే పనిచేస్తుంది. పూర్తి పేరు తెరిస్తే పొట్టి పేరు పేజీకి తీసుకెళ్ళే దారిమార్పు పెట్టొచ్చు. కానీ దారిమార్పు మీదుగా వచ్చినవాళ్ళకు కూడా ఫైల్ క్యాష్ వర్తించదు. లంకెలన్నీ నేరుగా పొట్టి పేరుకే ఇవ్వాలి. షేర్డ్ హోస్టింగులో ఉండి సర్వరు మీద చేయి వేయలేనివాళ్ళకు ఇంతకన్నా దారి లేదు, చేసుకోండి.

నాకు మాత్రం మనసొప్పలేదు. సామెత అంటే దాని రెండో సగమే. "కందకు లేని దురద" దగ్గర ఆపితే అది సామెత ఎలా అవుతుంది? ఫైలు పేరులో పట్టడం లేదని అమ్మమ్మ చెప్పిన మాటను సగానికి కోయడం ఏమిటి? యంత్రానికి తగ్గట్టు భాషను కుదించడం మొదలుపెడితే, తర్వాత వచ్చే పిల్లలు ఆ కుదించినదే అసలు పేరనుకుంటారు.

మా సర్వరు మా చేతిలో ఉంది కాబట్టి వార్నిష్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాం. అది వెబ్ సర్వరుకు ముందు కాపలా ఉండి, పేజీలను మెమరీలో దాచుకుంటుంది. పేజీ పేరును ఫైలు పేరుగా వాడదు, హాష్ చేసుకుంటుంది, అంటే ఎప్పుడూ ఒకే పొడవుండే సంకేతంగా మార్చుకుంటుంది. పేరు ఎంత పొడుగైనా దానికొకటే. మీడియావికీలో యూజ్ సీడీఎన్ ట్రూ చేసి, సీడీఎన్ సర్వర్స్‌లో వార్నిష్ చిరునామా ఇస్తే, ఎవరు దిద్దినా మీడియావికీయే వార్నిష్‌కు పర్జ్ కబురు పంపుతుంది. 1.34కు ముందు వెర్షన్లలో ఈ పేర్లలో సీడీఎన్ బదులు స్క్విడ్ అని ఉంటుంది. లాగిన్ కుకీ ఉన్న అభ్యర్థనలను క్యాష్ తాకకుండా పంపేయాలని వార్నిష్‌కు తప్పకుండా చెప్పాలి. అది మరిచిపోతే ఒకరి పేరుతో ఉన్న పేజీ ఇంకొకరికి పోతుంది. అంతకన్నా పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

అయినా ఫైల్ క్యాష్‌ను తీసేయలేదు. కారణం ఉంది. డేటాబేసు పూర్తిగా పడిపోయినప్పుడు మీడియావికీ ఊరికే తప్పు పేజీ చూపించే ముందు ఫైల్ క్యాష్‌లో పాత నకలు ఉందేమో వెతుకుతుంది. ఉంటే, అది పాతదా కొత్తదా అని చూడకుండా ఇచ్చేస్తుంది. ఒక రాత్రి మా డేటాబేసు మెమరీ చాలక ఆగిపోయింది. తెల్లారి నేను లేచి చూసేదాకా, పొట్టి పేర్ల సామెతలు చదివేవాళ్ళకు చాలామందికి సంగతే తెలియలేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: మా పాఠకుల్లో ఎక్కువమంది ఫోన్లలోనే చదువుతారండీ. వాళ్ళకు కూడా ఈ క్యాష్ పనిచేస్తుందా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా, నేను మరిచిపోయాను. మొబైల్ ఫ్రంటెండ్ పొడిగింపు పెట్టుకుని ఉంటే, మొబైల్ చూపుకు ఫైల్ క్యాష్ పనిచేయదు. అది ఫోనుకు వేరే హెచ్‌టీఎంఎల్ ఇస్తుంది. ఫైల్ క్యాష్‌కు రెండు రకాల నకళ్ళు దాచడం రాదు, అందుకే పక్కకు తప్పుకుంటుంది. మీరు చెప్పినట్టు పాఠకులంతా ఫోన్లలో ఉంటే, క్యాష్ పెట్టి కూడా పెట్టనట్టే. ఆ పొడిగింపు తీసేసి, టైమ్‌లెస్ లాంటి, తెరను బట్టి సర్దుకునే రూపం పెట్టండి. ఫోనుకూ కంప్యూటరుకూ ఒకే హెచ్‌టీఎంఎల్, ఒకే నకలు. అది 1.31 నుంచీ మీడియావికీతోపాటే వస్తోంది, వేరే దింపుకోనక్కర్లేదు.

(మరొకరు: మా వికీ ఇంగ్లీషులో ఇన్‌స్టాల్ చేశామండీ. తెలుగు కావాల్సినవాళ్ళు లంకె చివర యూజ్‌ల్యాంగ్ తెలుగు అని పెట్టుకుంటారు. ఇబ్బంది ఏమైనా ఉందా?)

ఉంది. లంకెలో అలాంటి అదనపు మాటలుంటే క్యాష్ ఆ అభ్యర్థనను ముట్టుకోదు. చూసేవాళ్ళ భాష వికీ భాషతో కలవకపోయినా ముట్టుకోదు. అంటే మీ వికీలో ఇంగ్లీషు మెనూలతో చదివేవాళ్ళకు ఇడ్లీ, తెలుగులో చదివేవాళ్ళకు దోసె. తెలుగు వికీ అయినప్పుడు అది తిరగబడాలి కదా. లోకల్ సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కోడ్‌ను టీఈ చేయండి. ఆ ఫైలు సేవ్ చేయగానే పాత నకళ్ళన్నీ వాటంతటవే పక్కకు పోతాయి. ఈ రాత్రే, రద్దీ తగ్గాక చేయండి. చేశాక ప్రైవేట్ విండోలో మీ వికీలో అన్నిటికన్నా పొడుగు పేరున్న పేజీ తెరిచి, సోర్సులో చివరి వరస చూడండి.